పర్లాకిమిడి ఇంటి అరుగు మీది పింగాణీ బిళ్ళలు: ఎక్కడివి, ఎప్పటివి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

పెద్దలందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో మా తాతగారు కట్టించిన మండువా ఇల్లు ఒకటి ఉంది. 1936లో ఈ ఊరు ఒడిశాలో చేరకముందే, అంటే మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే కట్టిన ఇల్లని మా ఇంట్లో అందరూ చెబుతారు. దాని వీధి అరుగు వెనక గోడకు నడుము ఎత్తు వరకు రంగు పింగాణీ బిళ్ళలు వరుసగా అతికించి ఉన్నాయి. ఒక్కొక్కటి ఆరంగుళాల చదరం. చాలావాటి మీద గులాబీ రంగు తామరపువ్వు, దాని చుట్టూ ఆకుపచ్చ తీగ ఉబ్బెత్తుగా ఉంటాయి. వేలితో తడిమితే గీతలు సన్నని గట్లలా తగులుతాయి. గట్ల మధ్య పల్లంలో రంగు చిక్కగానూ, మిట్ట మీద పలచగానూ కనిపిస్తుంది. వీధి గుమ్మం పైన మాత్రం ఆవు పక్కన నిలబడి పిల్లనగ్రోవి ఊదుతున్న కృష్ణుడి బొమ్మ ఉన్న పలక ఒకటి ఉంది. లోపల మండువా చుట్టూ నేల మీద నక్షత్రాల నమూనా ఉన్న వేరే రకం బిళ్ళలు పరిచారు. వాటికి ఈ మెరుపు లేదు.

ఇవన్నీ ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చాయని మా పెదనాన్నగారు అంటారు. కృష్ణుడి బొమ్మ ఉంది కాబట్టి ఇవి మన దేశంలోనే, బహుశా జైపూరు వైపు, తయారై ఉండాలని మా మేనత్తగారి వాదన. ఇప్పుడు ఇల్లు బాగు చేయిస్తున్నాం. అరుగు గోడకు చెమ్మ ఎక్కి కింది వరుసలో కొన్ని పెచ్చులు లేచాయి కాబట్టి, మొత్తం ఉలితో కొట్టేసి కొత్త టైల్స్ వేద్దామని తాపీ మేస్త్రీ తొందరపెడుతున్నాడు. వాటి సంగతి తెలుసుకోకుండా సరే అనడం నాకు ఇష్టం లేదు.

గోడలకు ఇలా రంగుల పలకలు అతికించే పని అసలు ఎక్కడ మొదలైంది, మన వైపుకు ఏ దారిన వచ్చింది, మా ఇంటివి ఎక్కడివో తేల్చుకునే మార్గం ఏమిటి, విరిగిన వాటి బదులు ఇక్కడి కుమ్మరుల చేత చేయించుకోవచ్చా అన్నవి నా సందేహాలు. తెలిసినవారు వివరంగా రాస్తే సంతోషిస్తాను.

నాగావళి తీరం (రాయగడ)

మహేంద్రతనయ గారికి, సిరామిక్ కర్మాగారాల్లో పనిచేసి విరమించినవాణ్ణి కాబట్టి నేను తయారీ వైపు నుంచి చెబుతాను. బొమ్మను బట్టి పలక ఏ దేశానిదో తేల్చబోతే తికమక తప్పదు, ఎందుకంటే బొమ్మలు ఎప్పటినుంచో దేశాలు దాటి తిరుగుతూనే ఉన్నాయి. పలకను ఎలా చేశారో చూస్తే మాత్రం దాని కాలం, ఊరు రెండూ చాలావరకు బయటపడతాయి.

మనకు తెలిసిన అతి పాత పలకల గోడలు ఈజిప్టులో ఉన్నాయి. క్రీ.పూ. 2650 ప్రాంతంలో సఖారాలో జోసర్ రాజుకు కట్టిన మెట్ల పిరమిడ్ కింది గదుల గోడలకు వేల సంఖ్యలో నీలి పలకలు అమర్చారు. అవి మన కుమ్మరి మట్టితో చేసినవి కావు. నూరిన పలుగురాతిని ముద్ద చేసి, రాగితో నీలి రంగు తెప్పించి కాల్చినవి. వెనక వైపు చిన్న బుడిపె ఉంచి, దానికి బెజ్జం పెట్టి, తాడుతో బిగించేవారు. ఆ తరువాత చెప్పుకోవలసింది బాబిలోను. అక్కడ క్రీ.పూ. ఆరో శతాబ్దంలో నెబుకద్నెజరు కట్టించిన ఇష్తార్ ద్వారం మీది ఎద్దులు, వింత మృగాలు ఒక్కొక్కటీ అనేక ఇటుకల మీద ముక్కలు ముక్కలుగా ఉబ్బెత్తుగా అచ్చు పోసి, గాజుపూత వేసి కాల్చి, గోడలో వరుస తప్పకుండా పేర్చినవి. అంటే మీ పలక మీది ఉబ్బెత్తు పనికి కనీసం రెండున్నర వేల ఏళ్ళ వయసుందన్నమాట.

అసలు మలుపు తొమ్మిదో శతాబ్దంలో ఇరాకులో వచ్చింది. చీనా నుంచి వచ్చే తెల్లటి పింగాణీని చూసి అలాంటిది చేయాలని అక్కడివారు తాపత్రయపడ్డారు. చీనావారి తెల్లమట్టి వారి దగ్గర లేదు. అందుకని సీసపు గాజుపూతలో తగరపు భస్మం కలిపారు. తగరం కలిస్తే పూత పారదర్శకంగా ఉండక పాలలా తెల్లగా కప్పేస్తుంది, కింద ఉన్న ఎర్రమట్టి కనబడదు. ఆ తెల్లటి నేల మీద కోబాల్టుతో నీలం, రాగితో ఆకుపచ్చ, మాంగనీసుతో ఊదా వేసుకోవచ్చు. ఈ ఒక్క ఉపాయమే ఉత్తర ఆఫ్రికా మీదుగా స్పెయినుకు, అక్కడి నుంచి ఇటలీకి, ఆంట్వెర్ప్‌కు, చివరకు హాలండులోని డెల్ఫ్ట్‌కు చేరింది. డెల్ఫ్ట్ పనివాళ్ళు బొమ్మ గీసిన కాగితానికి సూదితో వరుసగా బెజ్జాలు పొడిచి, పలక మీద పరిచి, బొగ్గుపొడి మూటతో అద్దేవారు. ఆ చుక్కల్ని కలుపుతూ కుంచెతో గీస్తే ఒకే బొమ్మ వందల పలకల మీద పడుతుంది. మనవైపు ముగ్గు గొట్టంతో వాకిట్లో బొమ్మలు దింపే పద్ధతి చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు.

పర్షియావారిది మరో దారి. కాషాన్ నగరంలోని కుమ్మరి కుటుంబానికి చెందిన అబుల్ కాసిం 1301లో ఈ విద్య గురించి రాసిపెట్టాడు. పది పాళ్ళు నూరిన పలుగురాయి, ఒక పాలు గాజుపొడి, ఒక పాలు మెత్తటి తెల్లమట్టి కలపాలని అందులో లెక్క ఉంది. ఆ ముద్ద కాలాక తెల్లగా, గట్టిగా వస్తుంది కాబట్టి తగరం అవసరం తగ్గుతుంది. వెండి, రాగి లవణాలతో బొమ్మ వేసి, గాలి సరిగా ఆడకుండా పొగలో మరోసారి కాల్చితే లోహపు మెరుపు వచ్చేది. పదహారో శతాబ్దంలో టర్కీలోని ఇజ్నిక్ పనివాళ్ళు ఈ పలుగురాతి ముద్ద మీదే పనిచేసి, తెల్లటి నేల మీద ఇనుము పాలున్న ఎర్రమట్టితో ఉబ్బెత్తుగా నిలిచే ఎరుపును సాధించారు. కాల్చేటప్పుడు ఎరుపును చెడకుండా నిలబెట్టడం ఎంత కష్టమో బట్టీ ముందు నిలబడినవారికే తెలుస్తుంది. ఆ ఎరుపు ఉత్తమంగా వచ్చిన కాలం కొన్ని దశాబ్దాలే.

ఇదంతా చేతిపని చరిత్ర. మీ అరుగు పలకలు వేరే చరిత్రకు చెందినవి. తడి మట్టితో పలచటి పలక చేస్తే ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, మూలలు లేస్తాయి, రెండు పలకలు ఒకే కొలతకు రావు. 1840లో రిచర్డ్ ప్రాసర్ అనే ఇంగ్లీషు ఆయన మట్టిని దాదాపు ఎండబెట్టి, పొడి చేసి, కొద్దిపాటి తేమతోనే లోహపు అచ్చులో మరప్రెస్సుతో నొక్కే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన మనసులో ఉన్నది చొక్కా గుండీలు. స్టోక్ పట్టణంలోని హెర్బర్ట్ మింటన్ దాన్ని టైల్స్‌కు వాడుకున్నాడు. ఆరబెట్టడానికి వారాల తరబడి చూడనక్కరలేదు, వంకర రాదు, ప్రతి పలకా ఆరంగుళాలకు ఆరంగుళాలు. అచ్చులోనే గట్లు చెక్కితే ప్రతి పలక మీదా అవే గట్లు వస్తాయి. నైపుణ్యం పెద్దగా లేని పనివాళ్ళు కూడా గట్ల మధ్య రంగు గాజుపూత నింపగలరు. అది బట్టీలో కరిగి పల్లంలోకి జారి చిక్కబడుతుంది. మీరు వర్ణించిన చిక్కదనం, పలచదనం సరిగ్గా ఇదే. అంతకుముందే 1756లో లివర్‌పూల్‌లో సాడ్లర్, గ్రీన్ అనే ఇద్దరు అచ్చు మీద చెక్కిన బొమ్మను కాగితం ద్వారా టైల్ మీదకు దించి, ఆరు గంటల్లో 1,200 పలకలు ముద్రించామని ప్రమాణపత్రం దాఖలు చేశారు. కానీ నా దృష్టిలో రంగుల పలక రాజుల గోడల మీద నుంచి దిగి పట్టణాల్లోని షావుకార్ల అరుగుల మీదకు వచ్చింది ప్రెస్సు వల్లనే. ముద్రణ దానికి తోడైంది.

కాబట్టి మీ పలక 1840కి ముందుది కాదని, చేత్తో గీసింది కాదని ఇక్కడి నుంచే చెప్పవచ్చు. ఊడిన పలక ఏదైనా ఉంటే వెనక వైపు తడిగుడ్డతో సున్నం తుడిచి ఏముందో చూడండి. ముందు భాగం కన్నా వెనక భాగమే ఎక్కువ చెబుతుంది.

దెగ్లూరు మాస్టారు (నాందేడ్ జిల్లా)

నాగావళి గారు చెప్పిన క్రమం బాగుంది గాని, చదివినవారికి మన దేశంలో ఈ పనే లేదన్న భావం కలుగుతుందేమోనని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మాది మహారాష్ట్రలో ఉన్న తెలుగు ఇళ్ళ ఊరు. మాకు బీదరు దగ్గర, బంధువులు హైదరాబాదులో. ఈ రెండు చోట్లా ఉన్న పలకల పనిని చూడకుండా మన వైపు చరిత్ర పూర్తి కాదు.

బీదరులో 1472లో బహమనీ మంత్రి మహమూద్ గవాన్ కట్టించిన మదరసా ముఖద్వారపు గోడ మీద నీలం, తెలుపు, పసుపు, ఆకుపచ్చ పలకలు ఈనాటికీ మిగిలి ఉన్నాయి. ఆయన ఇరాన్‌లోని గీలాను ప్రాంతం నుంచి వచ్చినవాడు. ఆ భవనపు ఆలోచన కూడా సమర్కందు, హీరాతు వైపు మదరసాలది. నిలిచి ఉన్న ఒక్క మీనారు చుట్టూ వంకర గీతల్లా ఎక్కే పలకల వరుసను దగ్గర నుంచి చూస్తే, ఊడిపోయిన చోట సున్నం గచ్చులో పలక అంచు ముద్ర అలాగే కనిపిస్తుంది. రెండో మీనారు, ముందు భాగంలో చాలా మేర పదిహేడో శతాబ్దం చివర్లో జరిగిన పేలుడులో పోయాయి. అంతకన్నా నాకు ఇష్టమైనది హైదరాబాదులోని బాదషాహీ ఆషూర్ఖానా. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590లలో కట్టించిన ఆ మందిరం లోపలి గోడల మీద ఆలం (మొహర్రం నాటి పీరు) ఆకారాలు, జ్వాలల్లా లేచే తీగలు రంగు రంగు ముక్కలతో పేర్చి ఉంటాయి. 1908 మూసీ వరదలో నీళ్ళు లోపలికి వచ్చి కింది భాగం దెబ్బతిన్నది.

ఇక్కడ పనితీరు వేరు. ఒక్కో రంగు పలకను విడిగా కాల్చి, చల్లారాక ఉలితో, ఆకురాయితో నమూనాకు సరిపడేట్లు కోసి, ముక్కల్ని బోర్లా పేర్చి వెనక గచ్చు పోసి పలకగా చేసి గోడకు ఎక్కించేవారు. ఒకే పలక మీద అన్ని రంగులూ వేసి కాలిస్తే ప్రతి రంగుకూ సరిపడే వేడి ఒకటే కాదు కాబట్టి ఏదో ఒకటి చెడుతుంది. విడివిడిగా కాల్చి కోస్తే ఏ రంగుకా వేడి ఇవ్వవచ్చు. అందుకే నాలుగు వందల ఏళ్ళ తరువాత కూడా ఆ నీలం అంత శుభ్రంగా ఉంది. కానీ దీనికి పట్టే కూలీ ఊహించుకోండి. సుల్తాను తప్ప మరొకరు చేయించలేరు. రాజ్యం పోగానే పనివాడికి బత్తెం పోతుంది, పని పోతుంది. దక్కనులో ఈ విద్య మన ఇళ్ళ వరకు రాకపోవడానికి కారణం ఇదేనని నేను అనుకుంటాను. మన కుమ్మరికి చేతకాక కాదు. అది ఎన్నడూ సంతలో అమ్ముడుపోయే సరుకు కాలేకపోయింది.

పర్షియా ప్రభావమే అంతా అనడం కూడా సరి కాదు. గ్వాలియరు కోటలో రాజా మాన్‌సింగ్ తోమర్ 1500 ప్రాంతంలో కట్టించిన మాన్ మందిరం బయటి గోడ మీద నీలి, పసుపు, ఆకుపచ్చ పలకలతో బాతుల బారు, ఏనుగులు, మొసళ్ళు, అరటి చెట్లు ఉన్నాయి. ఆ బొమ్మలు పూర్తిగా మన చూపులోంచి పుట్టినవి. కాబట్టి మీ మేనత్తగారు కృష్ణుణ్ణి చూసి మన దేశపు పని అనుకోవడంలో తర్కం లేకపోలేదు. కాకపోతే ఆవిడ చెప్పిన జైపూరు నీలి పనిలో ఆరంగుళాల చదరపు ప్రెస్సు పలకలు ఉండవు. అది పలుగురాతి ముద్దతో, చాలావరకు పాత్రల రూపంలో సాగిన పని.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఇద్దరికీ ధన్యవాదాలు. అరుగు చివర గోడ నుంచి ఇదివరకే ఊడి, పెరట్లో తులసికోట దగ్గర పెట్టిన తామరపువ్వు పలకను కడిగి చూశాను. వెనక నిలువు అడ్డ గట్లతో గళ్ళు గళ్ళుగా ఉంది. మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో 'మేడ్ ఇన్ జపాన్' అని ఉబ్బెత్తుగా ఉంది. పగిలిన అంచు దగ్గర లోపలి మట్టి లేత గోధుమ రంగులో, సుద్దముక్కలా నున్నగా ఉంది. తామరల వరుసకు పైన అంచులా ఉన్న మూడంగుళాల వెడల్పు పలకల్లో కూడా ఒకటి వదులుగా ఉంటే తీసి చూశాను. అది నున్నటిది. గట్లు లేవు, గోధుమ రంగు పువ్వులు అచ్చు వేసినట్లున్నాయి. దాని వెనక 'ఇంగ్లండ్' అని, దాని కింద ఆర్, డి అక్షరాలు, నంబరు అని, నాలుగు లక్షల నలభై వేల పైచిలుకు సంఖ్య ఉన్నాయి. ఒకే గోడ మీద రెండు దేశాల పలకలు ఉండటం ఎలా సాధ్యం? జపానువాళ్ళు కృష్ణుణ్ణి ఎందుకు చేశారు?

గోపాల్‌పూర్ రేవు (బరంపురం, గంజాం జిల్లా)

పాత ఇళ్ళు విప్పేటప్పుడు తలుపులు, దూలాలు, బిళ్ళలు కొని అమ్మే వ్యాపారం మాది. బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి ఇళ్ళలో ఇలాంటి పలకలు నా చేతిలో చాలా పడ్డాయి కాబట్టి ఈ ప్రశ్న నాకు ఇష్టమైనది.

ముందు ఇంగ్లండు పలక సంగతి. ఇంగ్లండులో నమూనాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకునే పద్ధతి ఉండేది. 1842 నుంచి 1883 వరకు వజ్రం ఆకారంలో ఒక ముద్ర వేసేవారు. పింగాణీ సరుకైతే ఆ వజ్రం పైన రోమను లిపిలో నాలుగు అంకె ఉంటుంది. 1884 నుంచి ఆ ముద్ర మాని, మీరు చెప్పిన ఆర్‌డీ నంబరును వరుసగా ఒకటి నుంచి వేయడం మొదలుపెట్టారు. నాలుగు లక్షల నలభై వేల పైచిలుకు అంటే ఆ నమూనా 20వ శతాబ్దపు మొదటి దశాబ్దంలో నమోదైంది. నమోదైన తరువాత అదే నమూనాను చాలా ఏళ్ళు చేసి అమ్మేవారు కాబట్టి పలక అంతకన్నా తరువాతిది కావచ్చు గాని ముందుది కాదు. 'ఇంగ్లండ్' అన్న దేశం పేరు కూడా కొండగుర్తే. 1890 నాటి అమెరికా సుంకాల చట్టం వల్ల అక్కడికి పోయే సరుకు మీద దేశం పేరు తప్పనిసరి అయ్యాక, ఫ్యాక్టరీలు అన్ని దేశాలకు పోయే సరుకు మీదా దాన్ని వేయడం అలవాటు చేసుకున్నాయి.

ఇక జపాను. 1908 ప్రాంతంలో నగోయాలోని ఫుజిమి, అవాజీ దీవిలోని 'దాంతో' అనే టైల్ సంస్థలకు పొడిమట్టి ప్రెస్సు పద్ధతి పట్టుబడింది. మొదట ఇంగ్లీషు నమూనాలను అచ్చంగా దింపారు, గట్లతో సహా. 1914లో యుద్ధం వచ్చి ఇంగ్లండు ఓడలు సరుకు మోయడం తగ్గిపోయేసరికి ఆసియా బజారు వాళ్ళ ముందు ఖాళీగా నిలబడింది. ధర తక్కువ, దూరం తక్కువ, పైగా కొనేవాడికి ఏ బొమ్మ కావాలో కనుక్కుని చేయడంలో వాళ్ళు ఇంగ్లీషువారి కన్నా చురుకు. సింగపూరుకూ తైవానుకూ పూలు, పండ్లు, నెమళ్ళు పంపితే, మన దేశానికి లక్ష్మి, సరస్వతి, కృష్ణుడు. అప్పటికి మన ఇళ్ళలో గోడల మీద వేలాడే ముద్రిత దేవతా పటాలను చూసి వాటినే గట్లుగా అచ్చులో చెక్కారు. మీ కృష్ణుడి ముఖం దగ్గరగా చూడండి. ముఖం మీద గట్లు ఉండవు, కళ్ళు, కనుబొమలు విడిగా సన్నటి కుంచెతో వేసి ఉంటాయి, మిగతాదంతా పోసిన గాజుపూతే. చెట్టినాడు మేడల్లో కూడా ఇవే పలకలు ఉన్నాయి. 1930ల చివర్లో చైనాతో యుద్ధం, ఆ తరువాత ప్రపంచ యుద్ధం రావడంతో ఈ ఎగుమతి ఆగిపోయింది. కాబట్టి మీ తామరలు రెండు యుద్ధాల మధ్య కాలానివి అనడానికి నాకు సందేహం లేదు. 1936కు ముందు కట్టిన ఇల్లన్న మీ ఇంటి మాటకూ ఇది సరిపోతుంది.

రెండు దేశాల పలకలు ఒకే గోడ మీద ఉండటం వింత కాదు. ఇల్లు కట్టించేవారు కలకత్తాలోనో మద్రాసులోనో దుకాణంలో ఉన్నది కొనుక్కునేవారు. అంచు పాత ఇంగ్లీషు సరుకులో మిగిలితే అది, నడుమ కొత్తగా దిగిన చవక సరుకు. మన గంజాం, శ్రీకాకుళం వైపు వేలమంది రంగూను వెళ్ళి సంపాదించి తిరిగి వచ్చి ఇళ్ళు కట్టుకున్నారు. ఆ రేవులోనూ ఇదే జపాను సరుకు దొరికేది కాబట్టి అటు నుంచి వచ్చే అవకాశమూ ఉంది. పర్లాకిమిడికి నౌపడ నుంచి చిన్న రైలు 1900లోనే వచ్చింది గనుక బరువైన పెట్టెలు ఊళ్ళోకి చేరడం సమస్య కాలేదు.

మండువా నేల మీదివి ఈ జాతి కానే కావు. అవి సిమెంటు బిళ్ళలు, బట్టీ ముఖం చూడనివి. ఇనుప చట్రంలో గళ్ళ అచ్చు పెట్టి, ప్రతి గడిలో రంగు కలిపిన సిమెంటు పాలు పోసి, అచ్చు తీసేసి, వెనక పొడి సిమెంటు, ఇసుక వేసి ప్రెస్సుతో నొక్కి, నీళ్ళలో నానబెడతారు. పగిలిన చోట చూస్తే రంగు పైన కొన్ని మిల్లీమీటర్ల మందాన ఉంటుంది. పింగాణీ పలకలో అయితే రంగు గాజుపూతలోనే ఉంటుంది. ఈ పని 19వ శతాబ్దపు నడిమి కాలంలో ఫ్రాన్సులో మొదలైంది. బొంబాయిలో 1922లో సిధ్వా కుటుంబం భారత్ పేరుతో పెట్టిన కంపెనీ స్వదేశీ పట్టుదలతో దీన్ని మన దేశంలో నిలబెట్టింది. అంటే మీ ఇంట్లో గోడ విదేశీ, నేల స్వదేశీ కావడానికి అవకాశం ఎక్కువ. మీ పెదనాన్నగారూ మేనత్తగారూ తలా సగం గెలిచారని చెప్పండి.

మేస్త్రీ మాట మాత్రం వినకండి. ఉలి పెట్టేముందు గోలీతో పలక మీద మెల్లగా తట్టి చూడమనండి. డొల్ల శబ్దం వచ్చినవి వాటంతట అవే వస్తాయి. సున్నం గచ్చులో వేసిన పలకను అంచుల చుట్టూ రంపపు బ్లేడుతో గచ్చు కోసి, వెనక పలచటి పట్టీ దూర్చి ఊడదీయవచ్చు. తరువాతి కాలంలో ఎవరైనా సిమెంటుతో తిరిగి అతికించి ఉంటే వాటి జోలికి పోవద్దు, పలకే ముందు పగులుతుంది. కింది వరుసలో పెచ్చులు లేవడానికి పలక తప్పేమీ లేదు. నేల నుంచి ఎక్కిన చెమ్మ ఉప్పును మోసుకొచ్చి గాజుపూత వెనక స్ఫటికాలుగా కడుతుంది, అది పూతను లోపలి నుంచి నెడుతుంది. చెమ్మ ఆపకుండా కొత్త టైల్స్ వేసినా రేపు గోడ ఇంకో చోట ఉబ్బుతుంది. యాసిడ్‌తో కడగనివ్వద్దు, సబ్బు నీళ్ళు చాలు.

నాగావళి తీరం (రాయగడ)

గోపాల్‌పూర్ రేవు గారు చెప్పినదానికి నేను చేర్చవలసింది కుమ్మరుల ప్రశ్న ఒక్కటే. మన కుమ్మరి ఆవంలో వేడి సాధారణంగా 700 నుంచి 900 డిగ్రీల మధ్య, అదీ అన్నిచోట్లా సమానంగా ఉండదు. కుండకు అది చాలు, పైగా కుండకు కొంత గుల్లతనం ఉంటేనే నీళ్ళు చల్లబడతాయి. ఈ తరహా పలకను ముందు 1100 డిగ్రీల చుట్టుపక్కల ఒకసారి పూత లేకుండా కాల్చి, పూత వేసి, మంట తగలకుండా మట్టి పెట్టెల్లో పెట్టి రెండోసారి కాలుస్తారు. పైగా కుమ్మరి చెయ్యి తిరిగే చక్రం మీద గుండ్రటి రూపానికి అలవాటుపడింది. చదునైన పలక ఆ చేతికి పరాయి వస్తువు. అందువల్ల ఇక్కడి ఆవంలో ఈ పలక రాదు. ఎవరైనా చేసి ఇస్తామంటే పాత రంగు కోసం సీసం కలిపిన పూత వాడతారేమో అడిగి తెలుసుకోండి. మీ పాత పలకల పూతలో కూడా సీసం ఉంటుంది కాబట్టి వాటిని పొడిగా అరగదీయడం, గ్రైండరు పెట్టడం ఇంట్లో పిల్లలున్నప్పుడు అసలే కూడదు.

గుజరాత్‌లో టైల్స్ తయారయ్యే మోర్బీలో ఫోటో ఇస్తే టైల్ మీద ముద్రించి ఇస్తారు. రంగులు దగ్గరగానే వస్తాయి గాని గట్లు, పల్లంలో చిక్కబడిన పూత రావు, పక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. నా సలహా ఏమిటంటే, ఖాళీలు పూరించడానికి అరుగు చివర, స్తంభం వెనక ఉన్న మంచి పలకల్ని తీసి ముందుకు తెచ్చుకోండి. వెనక ఖాళీ అయిన చోట గానుగ సున్నంతో నున్నగా మెత్తి వదిలేయండి. ఊడదీసిన ప్రతి పలక వెనక గుర్తును కడిగేముందు ఫోటో తీసి, అది గోడలో ఏ వరుసలో ఎన్నోదో పక్కన రాసిపెట్టుకోండి. జపాను పలకల్లో కంపెనీ పొడి అక్షరాలు కూడా కొన్నిటి మీద ఉంటాయి. మీ వాటిలో అవి కనబడితే ఇక్కడ పెట్టండి, 'దాంతో' సంస్థవారివో మరొకరివో చూద్దాం.